పాడుపెట్టిన ఇంట్లో నీ పేరు

అక్కా,

బాగున్నావా అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. ఆ మాట నిన్ను ఎట్లా అడిగేది? నువ్వు పోయి ఏడు నెలలు దాటింది. మొన్నమొన్నటిదాకా రోజూ నీతో మాట్లాడుతున్నట్టే ఉండేది కాబట్టి ఉత్తరం అవసరం రాలేదు. ఇప్పుడు నువ్వు పలకడం లేదు. అందుకే ఈ కాగితం.

ముందు ఇక్కడి సంగతులు. వాన ఈ ఏడు కూడా మాట తప్పింది. చిన్నాయన శనక్కాయ విత్తాడు, మొలక చూసి మురిశాడు, పూత వేళకు ఆకాశం వైపు చూస్తూ గట్టు మీద కూర్చున్నాడు. అమ్మ బాగానే ఉంది. అంటే... తింటుంది, కూలికి పోతుంది, అడిగితే జవాబు చెబుతుంది. అంతకంటే బాగుండడం అంటే ఏమిటో మా ఇద్దరికీ గుర్తు లేదు.

నువ్వు పోయాక మన ఇంట్లో ఒక సంగతి జరిగింది. ఊరంతా దాని గురించి ఒక కథ చెబుతుంది. అసలు కథ నీకు నేను చెప్పాలి, ఎందుకంటే అందులో ఉన్నది నువ్వే.

ఆ ఆదివారం నువ్వు అనంతపురం నుంచి ఒళ్ళు కాలిపోతూ వచ్చావు. "ఉత్త వైరల్ జరమేలే, రెండు దినాలు పండుకుంటే అదే పోతాది" అన్నావు. మంగళవారం తెల్లవారి ఆటో వచ్చేలోపలే, నడిమింట్లో, చాప మీద, అమ్మ ఒడిలో... ఊళ్ళో అందరి జ్వరాలూ తెలిసిన నర్సమ్మవి కదా, నీ జ్వరం నీకు తెలియలేదా? నర్సింగు చదివి నేనూ పక్కనే ఉన్నాను కదా, నాకెందుకు తెలియలేదు?

పంచాంగం చూసే స్వామి వేళ్ళు మడిచి లెక్కపెట్టి పెదవి విరిచాడు. ధనిష్ఠా పంచకమట. ఆ నక్షత్రాల్లో ప్రాణం పోతే ఇల్లు పాడుపెట్టాలట. ఆరు నెలలు తాళం వేసి, గడపకు అడ్డంగా ముళ్ళకంప పెట్టి, లోపలికి ఎవరూ అడుగు పెట్టకూడదట. పెడితే ఆ ఇంట్లో ఇంకొకరు పోతారట. ఇంకొకరు అంటే మన ఇంట్లో ఎవరున్నారు? నాయన మన చిన్నప్పుడే పోయాడు. మిగిలింది నేను, అమ్మ.

నిన్ను తీసుకుపోయిన గంటకే తాళం పడింది. నీ కర్మలన్నీ చిన్నాయన ఇంటి ముందరే జరిగాయి. ఆయన వసారాలో ఒక మూల మాకు చోటిచ్చారు. నీ వస్తువు ఒక్కటి కూడా బయటికి రాకూడదని చిన్నమ్మ గట్టిగా చెప్పింది. నీ తెల్లకోటు మేకుకు వేలాడుతూనే లోపల ఉండిపోయింది. నీ జర్మన్ పుస్తకం గూట్లోనే ఉండిపోయింది.

ఆ పుస్తకం గురించే చెప్పాలి.

జర్మనీ ఆసుపత్రులకు నర్సులను పంపే బెంగుళూరు వాళ్ళ దగ్గర నీ పేరు రాయించుకున్నావు కదా. మొదటి మెట్టు పరీక్ష, అదే ఏ-వన్, పాసైతే వాళ్ళే బెంగుళూరులో ఉంచుకుని మిగతా మెట్లన్నీ నేర్పించి పంపుతారు. రాత్రి డ్యూటీలు చేసి, ఫోన్లో పాఠాలు విని, ఆదివారాలు ఇంటికొచ్చి నా ముందు కూర్చునేదానివి. ఇద్దరం విత్తనం కాయలు వలిచేవాళ్ళం. ప్రశ్నల కాగితం నా ఒళ్ళో పెట్టేదానివి.

"నువ్వు అడుగుమే, నేను చెప్తా. అడిగేదానికేముండాది, నోరుంటే సాలు" అనేదానివి.

నేను అడిగేదాన్ని. వీ హైసెన్ జీ? మీ పేరేమిటి? నువ్వు చెప్పేదానివి. ఇష్ హైసె నాగరత్న. వోహేర్ కొమ్మెన్ జీ? ఎక్కడి నుంచి వచ్చారు? ఇండియా నుంచి. ఏ భాష మాట్లాడతారు? తెలుగు. ఎక్కడ ఉంటారు? ఇష్ వోనె ఇన్ బెళుగుప్ప. మనది బెళుగుప్ప కాదు కదా, దాని పక్కన పల్లె కదా అంటే, "మనూరి పేరు వాళ్ళకేం తెలుస్తాది? బెళుగుప్ప అంటే సాలు" అన్నావు. జర్మనీ వాళ్ళందరికీ బెళుగుప్ప బాగా తెలిసినట్టు!

హాబీ ఏమిటంటే ష్విమ్మెన్ అన్నావు. ఈత. పుస్తకంలో నమూనా జవాబు అదే ఉందని అదే ఉంచేసుకున్నావు. మన బావిలో నీళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు, నాకు తెలుసు. నేను నవ్వి నవ్వి చచ్చాను. "వాళ్ళొచ్చి సూస్తారా ఏమన్నానా? ఆడికి పోయినాక నీళ్ళుంటాయి, నేర్చుకుంటా. అప్పుడు నిజమైపోతాది" అన్నావు. నీ ధీమా చూస్తే ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ ధీమాలో కాస్త నాకు ఎవరైనా అప్పిస్తే బాగుండునని ఉంది.

నీ ఫోను నా దగ్గరే ఉంది. నెల తర్వాత బెంగుళూరు నుంచి మీ జర్మన్ మేడం చేసింది. సంగతి విని, నేనేం చదివానో అడిగింది. తర్వాత, "మీరూ నర్సే కదా. వచ్చే పరీక్ష పాసైతే ఆ సీటు మీకే ఇప్పిస్తాను. కాకపోతే మాత్రం ఇంకొకరికి పోతుంది" అంది. అమ్మకు చెప్పాను. ఆమె మెటికలు విరుచుకుంటూ, "సదువు" అంది. ఒక్కటే మాట. ఆ చేతులకు ఎండలో కలుపు తీసే పని తప్పించాలంటే నాకు కనబడే దారి అదొక్కటే, అక్కా. ఆశపడ్డాను. నీ సీటుకు ఆశపడ్డాను. ఆ మాట నీకు చెప్పడానికి సిగ్గేమీ లేదు.

కొన్నాళ్ళకు మేడం ఫోన్లో ఉత్తుత్తి పరీక్ష పెట్టింది. వీ హైసెన్ జీ అంది. ఇష్ హైసె నాగరత్న అన్నాను.

మన ఇద్దరి గొంతులూ ఒకటేనని ఊరంతా అంటుంది కదా. ఫోన్లో చిన్నాయన ఎన్నిసార్లు పొరబడలేదు? ఆమె నీకు పాఠాలు చెప్పిన మనిషి. ఆ మధ్యాహ్నం ఆమె చెవిలో ఎవరు మాట్లాడారో...

చివరికి ఆమే అంది: "మంజులా, అక్కడ అట్లా చెబితే ఒకరి బదులు ఇంకొకరు వచ్చారనుకుంటారు. పాస్‌పోర్టులో ఒక పేరు, నోట్లో ఒక పేరు అయితే గడప దగ్గరి నుంచే పంపేస్తారు."

దిద్దుకుందామని చూశాను. కుదరలేదు. నాకు జర్మన్ వచ్చింది నీ నోటి నుంచి కదా. అందులో నా జవాబులు లేవు, నీవే ఉన్నాయి. మంజుల అన్నానంటే తర్వాతి మాట రాదు. నాగరత్న అన్నానంటే మిగతావన్నీ ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని వచ్చేస్తాయి. నీ వయసు, నీ ఆసుపత్రి, నీ ఈత.

వసారాలో చదువు సాగలేదు. టీవీ, పిల్లలు, బర్రె, చిన్నమ్మ నోరు. ఒక మిట్టమధ్యాహ్నం, ఊరు కునుకు తీస్తున్న వేళ, మన దొడ్డివైపు పోయాను. తలుపు సందులోంచి కొడవలి దూర్చి గడియ లేపడం నువ్వు నేర్పిన విద్యే. పుస్తకం ఒక్కటి తీసుకుని వచ్చేద్దామనుకున్నాను.

బయటికి తేలేకపోయాను. తెస్తే చిన్నమ్మ కంట పడుతుంది అనుకున్నాను. నిజానికి అది కాదు. లోపల నువ్వు ఉన్నట్టు ఉంది.

మిద్దె కప్పులోని గవాక్షిలోంచి గుండ్రటి ఎండ నేల మీద పడి ఉంది. నిన్ను పడుకోబెట్టిన చోట, దీపం నూనె కారిన మరక మీదుగా మెల్లగా జరుగుతూ ఉంది. తెల్లకోటు భుజాల దగ్గర ఇంకా నీ ఆకారమే ఉంది. నేను ఆ వెలుతురుకు దూరంగా, గోడకు ఆనుకుని కూర్చున్నాను. నేను నర్సును. నక్షత్రాలు మనుషుల్ని చంపవని నాకు తెలుసు. కానీ భయం మన చదువు అడిగి రాదు కదా. నేను ఇక్కడ కూర్చున్నందుకు అమ్మకు ఏమన్నా అయితే... ఆ ఆలోచన రోజూ నాతోపాటు ఆ తలుపులోంచి దూరేది. అయినా పోయేదాన్ని.

ఎప్పటి అలవాటులాగే గట్టిగా ప్రశ్న అడిగేదాన్ని. నువ్వు జవాబు చెప్పేంతసేపు ఆగేదాన్ని. ఆ ఆగిన చోట నువ్వు ఉండేదానివి. గొంతు వినపడేది కాదు, అబద్ధం ఎందుకు చెప్పను? కానీ గది ఖాళీగా ఉండేది కాదు. ఎవరో జవాబు వెతుక్కుంటున్నప్పుడు ఎదుటి మనిషికి తెలుస్తుంది చూడు, అట్లా తెలిసేది. తర్వాత నీ జవాబు నేనే చెప్పేదాన్ని. కొన్నాళ్ళకు అడిగేది ఎవరో చెప్పేది ఎవరో నాకే తెలియకుండా పోయింది. ఒళ్ళు గగుర్పొడిచేది... లేచి రావాలనిపించేది కాదు.

గవాక్షి సంగతి మరిచిపోయాను. లోపలి మాట మిద్దె మీదికి పోతుందని, మిద్దె మీది మాట వీధిలోకి దిగుతుందని నాకు తట్టలేదు.

కొళాయి దగ్గర మొదట చిన్నమ్మే చెప్పింది. "మిద్దె మీద అట్లే నిలబడిపోయినా మే! కాళ్ళు కదల్లేదు. ఏందేందో బాస. మద్దెలో నాగరత్న అంటాది. బెళుగుప్ప అంటాది, తెలుగు అంటాది. సచ్చినా ఊరి పేరు మరవలేదు పాపం." ఇంకొకామె అందుకుంది: "జర్మనీ జర్మనీ అని కలవరించి పాయ కదా. కోరిక తీరలే. ఆ బాసలోనే తిరుగుతాండాది." బిందె పట్టుకుని వింటున్నదాన్ని నేను. నవ్వొచ్చింది. వెంటనే బిందె ఎత్తుకుని వచ్చేశాను. వాళ్ళు చెప్పింది పూర్తిగా తప్పని నేను మాత్రం ఎట్లా అనగలను?

మర్నాటి నుంచి ఆ వీధిలో మధ్యాహ్నం పూట ఎవరూ నడవలేదు, అమ్మ తప్ప. కూలి నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, మన అరుగు మీద ముళ్ళకంప పక్కన కూర్చునేది. నేను దొడ్డి వైపు నుంచి దూరేదాన్ని కాబట్టి ఆమెకు కనబడను. తలుపుకు అటు ఆమె, ఇటు నేను. కూతురు మాట్లాడుతోందని తల్లి వచ్చి కూర్చుంది అన్నారు ఊళ్ళో. ఆమె వింటోంది నీ మాట అనుకుని... నేను చెప్పాలి కదా? అది అక్క కాదమ్మా, నేను అని? చెబితే నిన్ను మళ్ళీ ఒకసారి ఎత్తుకుపోయినట్టే కదా? రోజూ రేపు అనుకున్నాను.

ఒకరోజు ఎప్పటిలాగే అడిగాను. వీ హైసెన్ జీ?

ఆగాను.

"ఇష్ హైసె నాగరత్న."

నేను నోరు తెరవలేదు, అక్కా.

పుస్తకం ఒళ్ళోంచి జారింది. వెలుతురు మరక మీదే ఉంది. కోటు కదల్లేదు. మళ్ళీ వినపడింది. అరిగిపోయిన గొంతు. "ఇష్ వోనె ఇన్ బెళుగుప్ప." అప్పుడు చూశాను. వీధి తలుపు కింద సందులో చీర అంచు. అమ్మ వీపు తలుపుకు ఆనించి కూర్చుని ఉంది.

ఓనమాలు రాని మన అమ్మ, వినీ వినీ, నీ జవాబులన్నీ నేర్చేసుకుంది.

నేనేం చేయాలి? లేచి పారిపోవాలా? అమ్మా అని పిలవాలా? నేను తర్వాతి ప్రశ్న అడిగాను. ఆమె చెప్పింది. ఇంకొకటి అడిగాను. చెప్పింది. హాబీ అంటే ష్విమ్మెన్ అంది. నడుము లోతు నీళ్ళలో కూడా దిగి ఎరగని మనిషి. ఆ మాటకు అర్థం తెలిసే చెప్పిందా?

అట్లా ఎన్నో మధ్యాహ్నాలు. నేను అడగడం, ఆమె నువ్వై చెప్పడం. పొద్దుగూకాక ఇద్దరం వసారాలో ఎదురెదురుగా కూర్చుని సంగటి తినేవాళ్ళం. ఒక్కరం కూడా ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. ఆమె ఎవరితో మాట్లాడుతున్నాననుకుంది? నాతోనా, నీతోనా? నేను ఎవరిని అడుగుతున్నాను? ఆమెనా, నిన్నా? పరీక్ష దగ్గర పడుతోంది. నా నోట్లో నా పేరు ఇంకా కుదురుకోలేదు. అయినా ఆ కాసేపూ ముగ్గురం ఇంట్లో ఉన్నట్టే ఉండేది. అది పోగొట్టుకోవాలని లేదు నాకు. నిజం చెబుతున్నాను, పరీక్ష పోతే పోయిందిలే అని కూడా అనుకున్నాను.

చిన్నమ్మ ఊరుకోలేదు. దయ్యం గాలి ఉన్న ఇంటి పక్కన పిల్లలతో ఎట్లా ఉండేదని చిన్నాయన మీద పడింది. పక్క ఊరి నుంచి గాలి విడిపించే ఓబన్నను పిలిపించారు. ఆ సంగతి నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం నేను లోపలే ఉన్నాను.

వీధిలో అడుగులు, గుసగుసలు. తర్వాత తలుపు మీద వేపమండతో కొట్టిన చప్పుడు. ఓబన్న గొంతు ఉరిమినట్టు ఉంది.

"ఎవరే నువ్వు? పేరు చెప్పు! యాడ నుంచి వచ్చినావు? ఏం గావల్ల నీకు?"

నా ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది. మీ పేరేమిటి? ఎక్కడి నుంచి వచ్చారు? మీకేం కావాలి? అవే ప్రశ్నలు, అదే వరస. జర్మనీ వాళ్ళయినా, ఓబన్న అయినా, గడప దగ్గర అడిగేది ఇంతేనా అక్కా? నవ్వు పొంగుకొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అమ్మ గొంతు వినపడింది. "దాన్నేమీ అనొద్దప్పా. ఎవురికేం చేసింది అది? దాని పాటికి దాన్ని ఉండనీ."

"ఉండనిస్తే ఇంకొకర్ని పిల్చుకోని పోతాది తల్లీ. గడపలో మేకు కొడతా. ఇంక ఈ ఇంటి మొకం సూడదు."

మేకు కింద పెట్టిన చప్పుడు విన్నాను. సుత్తి ఎత్తేలోపల ఏదో మెత్తగా పడింది. తలుపు సందులోంచి చూస్తే, అమ్మ గడప మీద అడ్డంగా పడుకుంది. ముళ్ళకంప మీదే పడుకుంది. చిన్నమ్మ అరుస్తోంది, ఎవరో లాగుతున్నారు, అమ్మ రానంటోంది. "ఒకసారి తీస్కపోయినారు సాల్లేదా? నా బిడ్డను ఇంగ యాడికి తోల్తారు?"

ఓబన్న మళ్ళీ తలుపు కొట్టాడు. "పేరు చెప్పు!"

"ఇష్ హైసె..." అన్నాను.

బయట ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. ఆ పేరు కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. నా నాలుక మీద కూడా అదే ఉంది. అది చెబితే నీ మీద మేకు దిగుతుంది. చెప్పకపోతే అమ్మ ఆ ముళ్ళ మీదే...

"మంజుల" అన్నాను. గట్టిగా. "ఇష్ హైసె మంజుల. నేనే చిన్నమ్మా. చదువుకుంటాండా."

కంగారులో మన మాటే వచ్చేసింది చూడు. దొడ్డి వైపు నుంచి చుట్టు తిరిగి, పుస్తకం చేత్తో పట్టుకుని వాళ్ళ ముందు నిలబడ్డాను. చిన్నమ్మ నా జుట్టు పట్టుకుంది. "అక్క సచ్చిన కొంపలో దూర్తావా? మీ అమ్మను గూడా సంపల్లనా ఏమే?" ఆమె తిట్టింది కోపంతో కాదు, భయంతో. నాకూ ఉన్న భయమే అది.

అమ్మ లేచింది. మోచేతుల నిండా ముళ్ళు. "దాన్ని విడువు. నేనే పంపినా. సదువుకోవల్ల కదా, నీ వసారాలో యాడ సదువుకుంటాది?" అంది. ఆమె పంపలేదు. లేక పంపిందా? దొడ్డి గడియ ఒక్కరోజు కూడా బిగుసుకోలేదు నాకు. ఎవరన్నా దానికి నూనె రాశారేమో నేను చూడలేదు.

ఓబన్న మాత్రం ఏమీ జరగనట్టు నిమ్మకాయలు సంచిలో వేసుకున్నాడు. "పేరు చెప్పింది కదా. పేరు చెప్పినాక ఏ గాలీ నిలబడదు. ఇంగ పోతాదిలే" అని చెప్పి పోయాడు.

ఆ సాయంత్రం అమ్మ చేతుల్లో ముళ్ళు తీస్తూ కూర్చున్నాను. పిన్నీసు కాల్చి, ఒక్కొక్కటీ తీస్తూ, అడగలేక అడిగాను. అది నేనని నీకు ఎప్పుడు తెలిసిందని.

"మొదటి దినమే తెలుసు. ఇద్దరి గొంతూ ఒకటే అంటారు గానీ, నా కడుపున పుట్టినోళ్ళు నాకు తెలీదా?"

మరి ఎందుకు వచ్చి కూర్చున్నావు అన్నాను.

"దాని పేరు ఎవురూ పలకడంల్యా మంజీ. పోయిన పిల్ల అంటారు, ఆ పాప అంటారు. లోపల నువ్వు నాగరత్న అంటాంటే... వినల్లనిపిచ్చె."

నేను ఇంకో ముల్లు వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను.

పరీక్షకు బెంగుళూరు పోయాను. వినడం, చదవడం, రాయడం అయ్యాయి. చివర మాట్లాడే గది. నా ఎదురుగా హుబ్బళ్ళి పిల్ల ఒకతి కూర్చుంది. వీ హైసెన్ జీ అన్నారు. మంజుల అన్నాను. తడబడలేదు. తర్వాతి మాటలు కూడా వచ్చాయి, నా వయసు, నా చదువు, నా ఊరు. ఊరు మాత్రం బెళుగుప్ప అనే చెప్పాను.

కుటుంబం అన్న చీటీ వచ్చింది. మీకు అక్కచెల్లెళ్ళు ఉన్నారా అని ఆ పిల్ల నన్ను అడగాలి. అడిగింది. ఉంది, ఒక అక్క ఉంది అన్నాను. ఆమె తలూపింది. పరీక్ష పెట్టేవాళ్ళు ఏదో రాసుకున్నారు. తర్వాతి చీటీ తీశారు.

అంతే అక్కా. ఆ మెట్టులో అంతే అడుగుతారు. ఎక్కడుంది, ఎట్లా ఉంది, ఎందుకు రాలేదు అని ఎవరూ అడగరు. జవాబు ఆలోచించుకుని పెట్టుకున్నాను నేను. అది నాలోనే ఉండిపోయింది.

పాసయ్యాను. నీ సీటు నాకు వచ్చింది.

పోయిన నెల ఇల్లు తెరిచారు. కడిగారు, సున్నం కొట్టారు, పుణ్యాహవచనం చేసి పాలు పొంగించారు. నూనె మరక సగం పోయింది. తెల్లకోటు అమ్మ ఉతికి మడిచి తన పెట్టెలో పెట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మ మోచేతుల మీద మచ్చలు తప్ప.

తెరిచిన మర్నాడు, మధ్యాహ్నం, నేనొక్కదాన్నే నడిమింట్లో కూర్చున్నాను. అదే గోడ, అదే వెలుతురు. వీ హైసెన్ జీ అని అడిగాను. ఆగాను. చాలాసేపు ఆగాను.

ఉత్త గది, అక్కా. బయట ఎవరిదో మేక అరిచింది.

మర్నాడూ అడిగాను. వారం అడిగాను. ఏమీ లేదు. ఓబన్న మాట నేను నమ్మను. నర్సును కదా. కానీ ఆ రోజు తలుపు వెనక నా పేరు చెప్పింది నేనే. అమ్మను ముళ్ళ మీద నుంచి లేపడానికి చెప్పాను, నీ మీద మేకు పడకూడదని చెప్పాను. దానితోనే నువ్వు పోయావా? మేకు నేనే కొట్టానా? ఆ ఇంట్లో కూర్చున్నన్నాళ్ళూ నాకు భయం వేసేది. ఇప్పుడు వేయడం లేదు. భయం లేని ఇల్లు ఇంత ఖాళీగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

అమ్మనూ ఒకసారి అడిగి చూశాను, పొయ్యి దగ్గర. మీ పేరేమిటి అని, జర్మన్‌లో. ఆమె గరిటె తిప్పుతూనే, "సాల్లేమ్మా ఇంగ. పరీచ్చ అయిపాయ కదా" అంది. నావైపు చూడలేదు.

రేపు పొద్దున్న బస్సు. ముందు బెంగుళూరు, అక్కడ ఏడాది చదువు, ఆ తర్వాత ఎంత దూరమో నీకే బాగా తెలుసు. అమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది, శనక్కాయ పొడి కొడుతోంది. చిన్నమ్మ కూడా వచ్చి సాయం పడుతోంది. నన్ను ముద్దు చేస్తోందో తరుముతోందో తెలియదు. ఒకటి మాత్రం రెండుసార్లు గుర్తు చేసింది.

సావు జరిగిన ఇంట్లోంచి పోయేటప్పుడు "పోయొస్తా" అనకూడదు కదా. నీకు ఏడాది తిరిగేదాకా ఇది సావు ఇల్లేనట. ఆ మాట అంటే మళ్ళీ చావు పని మీదే రావలసి వస్తుందట. నీ దినానికి వచ్చినవాళ్ళంతా అట్లాగే పోయారు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే లేచి, తల వంచుకుని, చెప్పకుండా. నువ్వు కూడా చెప్పకుండానే పోయావు. రేపు నేనూ మాట్లాడకుండా గడప దాటి, వెనక్కి చూడకుండా బస్సెక్కాలట.

నేను చెప్పే పోతాను. చిన్నమ్మ వింటే విననీ. అమ్మ ఒక్కతే ఉండే ఇల్లు ఇది. ఇక్కడికి ఏ పని మీదైనా సరే, తిరిగి రావలసిందే నేను.

పోయొస్తా, నాగరత్నక్కా.

నీ మంజుల